చదవని చీటీలు

లిఫ్టు మెకానిక్కు చెవులతోనే సగం పని. భవనం కింద నిలబడి లిఫ్టు పైకి వెళ్ళి వచ్చే చప్పుడు ఒక్కసారి వింటే చాలు, మోటారు బేరింగు ఎండిపోయిందో, మూడో అంతస్తు తలుపు రాసుకుంటోందో చెప్పేస్తాడు. తీగల్ని రంగును బట్టి, నట్లను వేళ్ళ కొలతను బట్టి పట్టేస్తాడు. వైరింగు పటం ఎప్పుడూ చంకలో ఉంటుంది. అందులో గీతలన్నీ అతనికి కంఠతా వచ్చు. గీతల పక్కన రాసి ఉన్న మాటలు మాత్రం ఒక్కటీ తెలియదు. ఎందుకంటే అతనికి చదవడం రాదు.

అక్షరమ్ముక్క రాదని కాదు. ఏడో తరగతి దాకా బడికి పోయినవాడే. సంతకం పెడతాడు. అంకెలతో ఏ పేచీ లేదు. అచ్చులో ఉన్న మాటల్ని బొటనవేలు కింద పెట్టుకుని, పెదాలు కదుపుతూ కూడబలుక్కుంటాడు. వాక్యం చివరికి చేరేసరికి మొదలేమిటో మర్చిపోతాడు. చేతిరాత అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. బడిలో అతన్ని మొద్దు అన్నారు. పాపం, ఆ మాట నమ్మేశాడు. నమ్మి, దాన్ని ఎవరి కంటా పడకుండా దాచుకుని నలభై రెండేళ్ళ వయసు దాకా లాక్కొచ్చాడు. ఎవరైనా కాగితం చేతికిస్తే కళ్ళద్దాలు మర్చిపోయానంటాడు. అసలు అతనికి కళ్ళద్దాలే లేవు. మర్చిపోయినవి మాత్రం వందలకొద్దీ ఉన్నాయి.

ఈ సంగతి కట్టుకున్న భార్యకు కూడా తెలియదంటే ఎవరూ నమ్మరు గానీ, తెలియదు. ఆమె బస్టాండులో విచారణ కౌంటరులో పనిచేసేది. మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎన్నింటికో, ఏ ప్లాట్‌ఫారం మీదికో చెప్పేది. గొంతే ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ గొంతు ఊరుకునేది కాదు. పొద్దున్నే పేపరు పైకి చదివేది, కరెంటు బిల్లు చదివేది, మందు సీసా మీది హెచ్చరిక చదివేది. పెళ్ళైన కొత్తలో ఒకరోజు అతను, "నువ్వు చదువుతుంటే వినడం నాకిష్టం" అన్నాడు. ఆమె మురిసిపోయింది. ఆ ఒక్క మాట పట్టుకుని పన్నెండేళ్ళు చదివి వినిపించింది. అతను అన్నది అబద్ధమూ కాదు. కాకపోతే అందులో సగం ప్రేమ, సగం తప్పించుకోవడం.

ఆ తర్వాత ఆమె గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింది భాగంలో చొక్కా గుండీ అంత రంధ్రం మిగిలింది, ఊపిరి అందులోంచే. పుండు మానాక మాట్లాడటానికి ఏదో అమరుస్తామని, దానికి కొన్ని నెలలు పడుతుందని, అందాకా రాసి చూపించుకోమని డాక్టరు చెప్పాడు. రాసింది వినిపించే ఫోన్లున్నాయి కదా అని కూతురు ఒకటి చూపించింది. ఆమె ఒక్క మాట టైపు చేసి, ఆ గొంతు విని, ఫోన్ని బోర్లా పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు. కౌంటరులో మిగిలిపోయిన పాత బస్సు వేళల చీటీలు ఒక కట్ట ఇంట్లో ఉన్నాయి. వాటి వెనక పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టింది.

పదకొండేళ్ళ కూతురికి అక్షరాలతో చిక్కుందని అప్పటికే బయటపడింది కాబట్టి ఆ పిల్లకు బొమ్మలు గీసి చెప్పేది. మొగుడికి చదువొచ్చు కదా అని మొగుడికి రాసేది.

అతను తల ఊపేవాడు. మరేం చేస్తాడు? ఆమె కనుబొమలు చూసి, చూపు ఎటు పోతోందో చూసి, లిఫ్టు చప్పుడు విన్నట్టే పని కానిచ్చేవాడు. వంటగది వైపు చూస్తే పాలు అయిపోయాయన్నమాట. గడియారం వైపు చూస్తే మందుల వేళ. పదింట ఆరుసార్లు సరిపోయేది. మిగతా నాలుగుసార్లు ఆమె అతని మొహంలోకి చూసి, చీటీ అతని చేతిలోనే వదిలేసి, లోపలికి వెళ్ళిపోయేది. ఆ చీటీలను అతను పారెయ్యలేదు. పనిముట్ల సంచిలో ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. అన్నీ మడిచి అందులో వేసేవాడు.

ఆపరేషన్ అయిన రోజు నుంచి మనిషి మొద్దుబారిపోయాడు. కరెంటు పనికి తొడుక్కునే రబ్బరు గ్లౌజులు ఒంటి నిండా తొడుక్కున్నట్టుండేది. తిన్నాడంటే తిన్నాడు, పనికి పోయాడంటే పోయాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన నాటి నుంచి భార్య మెడకు గుడ్డ కట్టుకుని ఇంట్లో కూడా విప్పేది కాదు. ఇంట్లో అక్కర్లేదు, గాలి తగలనివ్వండి అని డాక్టరు చెప్పినా సరే. పడక కూడా కూతురి గదిలోకి మార్చుకుంది. అతను దిండు తీసుకెళ్ళి ఆ గదిలో పెట్టి వచ్చాడు. చీమ కుట్టినట్టయినా అనిపించలేదు. పక్కన తను లేకపోతే ఆమెకి కాస్త నెమ్మదేమో అనుకున్నాడు.

కూతురి విషయానికొద్దాం. ఇంట్లో దాన్ని పిడుగు అంటారు. నోరు అలాంటిది. కానీ పుస్తకం తెరిస్తే ఆ పిడుగు తడిసిపోయేది. పోయిన ఏడాది పరీక్షలో రెండున్నర గంటలు కూర్చుని, పేరు ఒక్కటి రాసి వచ్చింది. ఇంటికొచ్చి, "నేను మొద్దునా నాన్నా?" అని అడిగింది. కాదనడానికి అతని దగ్గర రుజువేముంది?

ఈ ఏడు బడికి కొత్తగా ఒక టీచరమ్మ వచ్చింది. చదువులో ఇబ్బంది పడే పిల్లల్ని చూడటమే ఆవిడ పని. పిడుగుకి ఏవేవో పరీక్షలు పెట్టి అతన్ని పిలిపించింది. "దీన్ని డిస్లెక్సియా అంటారండీ. మీ అమ్మాయికి కళ్ళు బాగున్నాయి, తెలివి మీకూ నాకూ అమ్మేంత ఉంది. అక్షరాన్ని చూసి శబ్దంగా మార్చుకోవడంలోనే తనకి ఆలస్యం అవుతుంది. అది తన తప్పు కాదు, బద్ధకమూ కాదు. ఒక్కోసారి ఇది ఇంట్లో వాళ్ళ నుంచి వస్తుంది. మీ వైపు ఎవరికైనా ఉందా?" అంది.

"అబ్బే, లేదండీ" అన్నాడతను, ప్రశ్న పూర్తయ్యేలోపే.

ఆవిడ పిడుగుకి ఒక చదివే పెన్ను ఇప్పించింది. చూడటానికి లావుపాటి మార్కర్‌లా ఉంటుంది. దాని మొనను అచ్చు వరస మీద నెమ్మదిగా జరిపితే, ఆ వరసను చెవిలో చదివి వినిపిస్తుంది. మొదటి రోజు పిల్ల ఇంటికొచ్చి కనబడిందల్లా చదివించేసింది. సబ్బు రేపరు, గ్యాస్ బండ మీది హెచ్చరిక, నాన్న లిఫ్టు లైసెన్సు, ఏదీ వదల్లేదు. వారం తిరిగేసరికి సైన్సు పాఠం ఒకటి, ఎవరి సాయమూ లేకుండా, మొదటి నుంచి చివరి దాకా విని, ఆరు ప్రశ్నలకు జవాబులు చెప్పింది. తల్లి చప్పట్లు కొట్టింది. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత వినబడ్డ పెద్ద చప్పుడు అదే.

ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్ల స్నానానికి వెళ్ళింది. అతను దొంగలా పెన్ను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. డబ్బాలోంచి ఒక చీటీ తీసి, భార్య చేతిరాత మీద పెన్ను జరిపాడు. పెన్ను కాసేపు ఆలోచించి, ఏదో అర్థంలేని కూత కూసింది. మళ్ళీ జరిపాడు. మళ్ళీ అంతే. పెన్నుకు అచ్చు తప్ప చేతిరాత తెలియదని అతనికెవరు చెప్పారు? విసుగొచ్చి చీటీ తిప్పి జరిపాడు. "ఉదయం ఆరు ఇరవై, ప్లాట్‌ఫారం నాలుగు" అంది పెన్ను, తడుముకోకుండా. అతను పెన్ను తుడిచి, ఉన్నచోటే పెట్టేశాడు.

ఆ పెన్నును పరీక్ష హాల్లోకి తీసుకెళ్ళాలంటే ముందుగా అనుమతి రావాలి. దానికో దరఖాస్తు. తల్లిదండ్రుల్లో ఒకరు బడికి వచ్చి, టీచరమ్మ ఎదుట సంతకం పెట్టి ఇవ్వాలి. అది లేకపోతే పిల్ల పోయిన ఏడాది లాగే ఉత్త చేతులతో కూర్చోవాలి. టీచరమ్మ దరఖాస్తును పిల్ల చేతికిచ్చి ఇంటికి పంపింది. తల్లి ఆ మెడతో బయటికి వెళ్ళడం మానేసింది కాబట్టి ఒక చీటీ రాసి, దరఖాస్తుకు జతచేసి మొగుడికిచ్చింది. చీటీలో పద్నాలుగు అన్న అంకె చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టింది. అంకెలతో అతనికి పేచీ లేదని చెప్పాను కదా. పద్నాలుగో తేదీ ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళ్ళాలన్నమాట, జతచేసినవి ఆసుపత్రి కాగితాలన్నమాట అనుకున్నాడు. గట్టిగా తల ఊపి, కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు.

పద్నాలుగున సెలవు పెట్టి, ఆటో పిలిచి, భార్యను బయల్దేరమన్నాడు. ఆమె వింతగా చూసింది, అయినా వచ్చింది. ఆసుపత్రిలో నర్సు రిజిస్టరు తిప్పి, "మీకు ఇరవై ఒకటిన కదండీ" అంది. ఆమె బెంచీ మీద కూర్చుని, బరబరా ఒక చీటీ రాసి అతని ముందు పెట్టింది. తల పైకెత్తి చూస్తోంది. ప్రశ్న అని మాత్రం అర్థమైంది. అతను తల ఊపాడు. ఆమె నిట్టూర్చింది. ఇద్దరూ ఇంటికొచ్చేశారు.

మర్నాడు అతను ఒక ఆఫీసు భవనంలో, పై అంతస్తు మీద మోటారు గదిలో ఉండగా ఫోన్ మోగింది. టీచరమ్మ.

"ఏమండీ, నిన్న ఆఖరు రోజు. మీరు రాలేదు. ఇవాళ నాలుగింటికి జాబితా వెళ్ళిపోతుంది. ఎందుకు ఆలస్యమైందో రాసిస్తే చేర్చుకుంటామన్నారు. వెంటనే రాగలరా?"

దేనికి ఆఖరు రోజో రెండుసార్లు చెప్పించుకున్నాక అతనికి అర్థమైంది. మోటారు ఆపి, గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తన నిర్వాకానికి తనమీద తనకే ఒళ్ళు మండాలి. మండలేదు. మెట్లు దిగి, తొమ్మిది అంతస్తులు దిగి, బస్సెక్కాడు.

టీచరమ్మ గదిలో పిడుగు అప్పటికే కూర్చుని ఉంది, బడి సంచి ఒళ్ళో పెట్టుకుని. అతను తన సంచిలోంచి దరఖాస్తు తీశాడు. మడతల మధ్య గ్రీజు మరక పడింది. అది వెంటే ఉందని చూసి టీచరమ్మ కళ్ళు పెద్దవి చేసింది.

"ఒకసారి చదువుకుని, ప్రశ్నల దగ్గర టిక్కు పెట్టండి. చివర్లో కారణం మీ చేత్తో రాసి సంతకం చెయ్యండి."

"కళ్ళద్దాలు మర్చిపోయానండీ."

"దానికేం, నావి పెట్టుకోండి. మన వయసుకి అందరివీ ఇంచుమించు ఒకటే" అని ఆవిడ తీసి ఇచ్చేసింది.

ఇంతకాలంలో అలా ఎవరూ ఇవ్వలేదు. పెట్టుకున్నాడు. గది గుండ్రంగా వంగింది. బొటనవేలు మొదటి వరస కింద పెట్టి, పెదాలు కదిపాడు. గోడ గడియారం మూడూ ఐదు చూపిస్తోంది. వేలు కదలలేదు. కుడితిలో పడ్డ ఎలుక కూడా కాసేపు కొట్టుకుంటుంది, అతను అదీ చెయ్యలేదు.

పిడుగు ఆ బొటనవేలి వైపు చూసింది. సంచి జిప్పు లాగింది. పెన్ను తీసి కాగితం మీద పెట్టి, దాని ఇయర్‌ఫోన్ అతని చెవిలో తనే పెట్టింది.

"నెమ్మదిగా జరుపు నాన్నా. తొందరపడితే దానికి తికమక. వరస అయ్యాక ఒక్క క్షణం ఆగు."

అతను కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. పెన్ను జరిపాడు. విద్యార్థి వయసు, తరగతి, ఇబ్బంది ఎప్పుడు గుర్తించారు, ఒక్కొక్కటే పెన్ను చదివింది, అతను టిక్కు పెట్టాడు. ఏడో ప్రశ్న దగ్గర పెన్ను అతని చెవిలో, "ఇలాంటి ఇబ్బంది కుటుంబంలో మరెవరికైనా ఉన్నదా?" అంది. రెండోసారి జరిపి మళ్ళీ విన్నాడు. ఉంది అన్న గడిలో టిక్కు పెట్టాడు. టీచరమ్మ అది చూసి కిటికీ వైపు తిరిగింది.

కారణం దగ్గర అతను కలం పట్టుకుని చాలాసేపు ఒత్తి ఒత్తి రాశాడు. రెండు వాక్యాలకు ఇరవై నిమిషాలు పట్టింది. మా ఆవిడ చీటీ రాసింది. నాకు చదవడం రాదు.

"ఇది చాలు" అంది టీచరమ్మ, కాగితం తీసుకుంటూ. "నాలుగు కాకముందే పంపిస్తాను. అనుమతి వస్తుంది, మీరు బెంగ పెట్టుకోకండి." గుమ్మం దాకా వచ్చి, "మీరు మొద్దు కాదండీ. మీ రోజుల్లో ఎవరూ చూడలేదంతే" అంది. అతను తల ఊపాడు. ఈసారి మాట విని ఊపాడు.

దారిలో పిడుగు అతని పనిముట్ల సంచి పట్టీ పట్టుకుని నడిచింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"ఎప్పుడో. నా పుస్తకం నీకిచ్చి ఇదేంటి నాన్నా అంటే, నువ్వు బొమ్మ చూసి కథ చెప్తావు. నేనూ టీచర్ల దగ్గర అదే చేసేదాన్ని."

"మరి అమ్మకి చెప్పలేదే?"

"నువ్వు చెప్తావుగా" అంది పిడుగు.

ఇంట్లో భార్య భోజనాల బల్ల దగ్గర కూర్చుని బటానీలు ఒలుస్తోంది. మెడకు గుడ్డ ఉంది. అతను చెప్పులైనా విప్పకుండా వెళ్ళి, రేకు డబ్బా ఆమె ముందు పెట్టి మూత తీశాడు. నూటికి పైగా చీటీలు. కొన్ని జారి బల్ల మీద పడ్డాయి.

"ఇవేవీ నేను చదవలేదు. నాకు చదవడం రాదు. పెళ్ళికి ముందు నుంచీ రాదు. నువ్వు రాసిందేదీ నాకు తెలీదు."

ఆమె ముందు నవ్వబోయింది, వేళాకోళం అనుకుని. తర్వాత కూతురి వైపు చూసింది. కూతురు అవునంది. ఆమె చేయి అలవాటుగా పెన్సిల్ మీదికి వెళ్ళింది. రాయడం మొదలుపెట్టి, మూడో అక్షరం దగ్గర ఆగిపోయింది. పెన్సిల్ పక్కన పెట్టింది. పిడుగు వెళ్ళి ఫోన్ తెచ్చి, ఆ మాట్లాడేది తెరిచి అమ్మ ముందు పెట్టింది. ఆ గొంతంటే ఆమెకు ఎంత రోతో ఇంట్లో అందరికీ తెలుసు. అయినా దగ్గరికి లాక్కుంది.

పైనున్న చీటీ తీసి, చూసి, అదే టైపు చేసింది. "దరఖాస్తు ఇచ్చేసి వచ్చారా?" అంది ఫోన్, ఎత్తూ పల్లం లేని గొంతుతో. నిన్న ఆసుపత్రి బెంచీ మీదిది. మరొకటి తీసింది. "పాలు కాదు, పెరుగు." ఇంకొకటి. "నాతో కాసేపు కూర్చోండి." అది ఏ రోజుదో అతనికి గుర్తొచ్చింది. చీటీ అందుకుని, తల ఊపి, వెళ్ళి గ్యాస్ బండ మార్చాడు. ఇంకొకటి. "గంగిరెద్దులా తల ఊపకండి." పిడుగు పకాలున నవ్వింది. ఆ చీటీకి కూడా అతను తల ఊపే ఉంటాడని పిల్లకి తెలుసు. ఆమె భుజాలు కూడా కదిలాయి, చప్పుడు లేకుండా.

అప్పుడామె ఏదో గుర్తొచ్చినట్టు డబ్బాను బల్ల మీద బోర్లించింది. చీటీలను రెండు చేతులతో పక్కకు నెట్టుకుంటూ, అడుగున ఉన్నదాని కోసం వెతికింది. దొరికింది. అది బస్సు చీటీ కాదు, మందు పెట్టె చింపిన అట్టముక్క. ఆసుపత్రిలో గొట్టాలు తీసిన రోజు, అద్దంలో తనను తాను మొదటిసారి చూసుకున్నాక, మంచం మీద కూర్చుని రాసి ఇచ్చింది. అతనికీ ఆ ముక్క బాగా గుర్తు. ఆమె కళ్ళు నీళ్ళతో అతని మీదే ఉన్నాయి ఆ రోజు. అంతా బాగైపోతుందా అని అడుగుతోందనుకున్నాడు. ధైర్యం చెప్పాలని, ఆమె చేయి పట్టుకుని, రెండుసార్లు గట్టిగా తల ఊపాడు.

ఆమె వేళ్ళు ఫోన్ మీద నెమ్మదిగా కదిలాయి.

"నన్ను చూస్తే మీకు భయంగా ఉందా?" అంది ఫోన్.

మెడ గుడ్డ, కూతురి గదిలోకి మోసుకెళ్ళిన దిండు, వీధిలోకి రాని ఆ రెండు నెలలు, అన్నీ అతనికి ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఇన్నాళ్ళూ ఏమీ తెలియని ఒంటికి నొప్పి తెలిసింది. ఎక్కడని చెప్పలేడు, అంతటా. అతను తల అడ్డంగా ఊపాడు. ఊపుతూ ఉండగానే, తల ఊపడం మీద తనకే నమ్మకం పోయింది.

"లేదు" అన్నాడు నోటితో. "ఆ రోజూ లేదు. నేను చదవలేదు. భయం లేదు."

ఆమె అతని మొహం చూసింది. తర్వాత చేయి మెడ వెనక్కి పోనిచ్చి, ముడి కోసం తడుముకుంది. రెండు నెలలుగా స్నానానికి తప్ప విప్పని ముడి, బిగుసుకుపోయింది. అతను బల్ల చుట్టూ తిరిగి వెళ్ళాడు. చేతులకు ఇంకా గ్రీజు వాసన ఉంది. చిక్కుముళ్ళు విప్పడం అతనికి వచ్చిన పనే. విప్పి, ఆ గుడ్డను మడిచి, బటానీల పక్కన పెట్టాడు. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.